గోడమీది వదిన

కొబ్బరి రైతు సంఘాల సమాఖ్య ఆఫీసులో ఉలమిలా గురించి ఎవరినడిగినా ఒక్క చెడ్డమాట చెప్పరు. పనిమంతురాలంటారు, పెట్టే చెయ్యంటారు, ఆమె కొబ్బరిపాలలో ఉడికించి తెచ్చే చేప తిన్నవాడు సువాలో ఇంకో ఇంట చేప ముట్టడంటారు. అన్నీ నిజాలే. కానీ ఆ మనిషికి కుళ్ళు కూడా ఉంది. అదీ అలాంటిలాంటి కుళ్ళు కాదు, నిద్ర లేచింది మొదలు కడుపులో పెట్టుకుని మోసిన కుళ్ళు. దాన్ని వదిలేసి ఆమె కథ చెబితే ఉప్పు లేని కూర వడ్డించినట్టే.

ఉలమిలాది కండావు దీవి. పడుచుతనంలో పడవెక్కి రాజధాని సువా వచ్చి ఈ ఆఫీసులో టైపు కొట్టే పనిలో చేరింది. ఫిజీలో ఏ గదికైనా పైచివర, కిందిచివర అని ఉంటాయి. చాప పరిచిన ఇల్లైనా అంతే, బల్ల వేసిన ఆఫీసైనా అంతే. పెద్దలు పైన, చిన్నవాళ్ళు గుమ్మం దగ్గర. ఎవరూ చెప్పక్కర్లేదు, కూర్చోబోయే ముందు ఎవరి కాళ్ళకి వాళ్ళకే తెలుస్తుంది. మీటింగు గదిలో ఉలమిలా మొదటి కుర్చీ గుమ్మాన్ని ఆనుకుని ఉండేది. అక్కణ్ణించి ఒక్కో కుర్చీ పైకి జరిగింది. ఒకాయన రిటైరయ్యాడు. ఒకావిడ న్యూజిలాండు వెళ్ళిపోయింది. ఒకాయన పోయాడు పాపం. ఆయన దినానికి చాపలు మోసి, వంట చేసి, ఏడ్చినంత ఏడ్చి, సోమవారం వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. అలా అలా డైరెక్టరు అపిసాయ్‌కి కుడిపక్క రెండో కుర్చీ దాకా వచ్చింది. మొదటి కుర్చీ వసీతిది. దీవుల్లో ఉన్న శాఖలన్నిటినీ చూసే విభాగానికి ఆవిడే పెద్ద. వసీతి ఆ ఏడాది రిటైరవుతోంది. ఆ కుర్చీ ఇక ఎవరిదో వేరే చెప్పాలా అనుకుంది ఉలమిలా.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

తుఫాన్ల రోజుల్లో పడవలు ఆగిపోయి శాఖలవాళ్ళు మీటింగులకి రాలేకపోతున్నారని, గది గోడకి తలుపంత స్క్రీను బిగించారు. బల్ల మీద కొబ్బరికాయంత నల్ల డబ్బా ఒకటి పెట్టారు. గదిలోవాళ్ళ మాటా, బొమ్మా ఆ డబ్బానే పట్టి అవతలి దీవులకి పంపుతుంది. బిగించినవాళ్ళు ప్లగ్గు ఎక్కడుందో చూసుకున్నారే గానీ పైచివర ఎటుందో చూసుకోలేదు. స్క్రీను తిన్నగా పైచివర గోడకి, డైరెక్టరు తలకి పైన వచ్చి కూర్చుంది. దాంతో అవతలి దీవిలోని లంబాసా శాఖలో నిన్నగాక మొన్న చేరిన కెలెరా, మామూలుగా సువా వస్తే గుమ్మం పక్కన కూర్చోవాల్సిన పిల్ల, ఇప్పుడు అందరి నెత్తి మీదా కూర్చుంది.

అంతటితో అయిందా? స్క్రీను చూడ్డానికి డైరెక్టరు తన కుర్చీ అటు తిప్పేశాడు. మొహం కెలెరాకి, వీపు ఉలమిలాకి. ఇన్నేళ్ళూ ఒక్కో కుర్చీ జరుగుతూ జరుగుతూ వచ్చింది ఆయన వీపు చూడ్డానికా? చొక్కా కాలరు వెనక కుట్టు ఊడి ఉంటే అదీ చూసింది. చూసి కూడా చెప్పలేదు.

"ముందు లంబాసా కానిద్దాం, లైను పోకముందే," అనేవాడు డైరెక్టరు ప్రతి మీటింగులోనూ. గదిలో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు, తర్వాతైనా మాట్లాడొచ్చు కదా. ఆ తర్వాత అనేది వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. లెక్కలు చూసే కమలేష్ రొట్టెల పొట్లం విప్పేవాడు, ఆ వాసనకి అందరి బుర్రలూ కడుపుల్లోకి జారేవి, ఉలమిలా రాసుకొచ్చింది చదువుతుంటే ఊఁ ఊఁ అనేవారు. కెలెరా మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఈగ వాలిన చప్పుడు కూడా ఉండదు. మాట సరిగ్గా వినపడదేమోనని అందరూ మెడలు చాచి వినేవాళ్ళు. గోడ నిండా ఆ నవ్వుమొహం, చెవిలో మందారపువ్వు. వెనకాల ఎక్కడో కోడిపుంజు కూసేది.

"కెలెరా, మీ పుంజుకి జీతమెంతిస్తున్నావ్?" అని డైరెక్టరు అడిగితే గదంతా గొల్లుమనేది.

ఉలమిలాకి ఆ పుంజంటే కూడా కుళ్ళే.

పైకి మాత్రం ఇద్దరూ వదినా అంటే వదినా. ఉలమిలా పుట్టిన ఊరూ కెలెరా పుట్టిన ఊరూ తౌవూలు. అంటే ఎప్పటివో పూర్వకాలపు వేల్పులు వియ్యమందిన ఊళ్ళన్నమాట. ఆ ఊరివాళ్ళు ఈ ఊరివాళ్ళు ఎక్కడ కలిసినా బావామరదళ్ళ లెక్కే. ఎంత మాటైనా అనొచ్చు, ఎదుటివాళ్ళు నవ్వి తీరాలి. మొహం మాడ్చుకుంటే ఊరి పరువే పోతుంది. ఉలమిలా లోపల ఉన్నదంతా ఆ వరసల చాటునే బయటికొచ్చేది.

"ఏం వదినా, ఆ పువ్వు నీ తలలో మొలిచిందా? లోపలంతా మట్టేనన్నమాట," అనేది ఉలమిలా.

అవతలికి మాట చేరి తిరిగొచ్చేందుకు కాస్త టైము పట్టేది. ఆ కాస్తలో గది అంతా నవ్వేసేది. ఆ తర్వాత గోడ మీంచి జవాబొచ్చేది.

"మట్టి మాది మంచిది వదినా, ఏం పెట్టినా మొలుస్తుంది. మీ కండావు వాళ్ళ తలకాయల్లో రాళ్ళు కదా, అందుకే నువ్వు పువ్వు పెట్టుకోవు!"

గది ఇంకా పెద్దగా నవ్వేది. ఉలమిలా అందరికన్నా గట్టిగా నవ్వేది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టేవి.

పాపం కెలెరా చెడ్డదా అంటే కాదు. పని వచ్చిన మనిషి. మూతబడిపోయిన కొబ్బరి సంఘాల్ని మళ్ళీ తెరిపించింది, ఆరబెట్టే కొట్టాలు బాగు చేయించింది. ఉలమిలాకి అవన్నీ తెలుసు. తెలిసినకొద్దీ మంట ఎక్కువయ్యేది. తనకన్నా తక్కువైనదాన్ని చూసి ఎవరు కుళ్ళుకుంటారు?

ఒక శుక్రవారం డైరెక్టరు గోడ వైపు తిరిగి, గోడకే చెబుతున్నట్టు, ఆ మాట చెప్పాడు. "వసీతి దిగిపోతోందిగా. ఆ సీటుకి ఇద్దరి పేర్లు అనుకుంటున్నాను. ఉలమిలా, కెలెరా. వచ్చే పెద్ద మీటింగులో ఇద్దరూ మాట్లాడండి. శాఖల్ని ఎలా నడుపుతారో చెప్పండి. అందరూ విన్నాక తేలుద్దాం."

ఉలమిలా పెన్నుకి మూత పెట్టేసింది. తనూ పోటీయా? వరసలో నిలబడి నిలబడి ముందుకొచ్చాక, పక్క సందులోంచి ఎవరో దూరినట్టుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కర్రపెండలం దుంపలు చెక్కుతూ మొగుడు నెమానితో చెప్పుకుంది. నెమాని బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికేవాడు, ఇంటికొస్తే పెద్దగా మాట్లాడడు.

"దానికి ఆ సీటు ఎందుకండీ? లంబాసాలోనే కూర్చుంటుందట, సువా రాదట! గోడ మీద ఉండే దానికి కుర్చీ దేనికి?"

"కుర్చీ అక్కర్లేనిదాంతో కుర్చీ కోసం పోటీ ఏంటే నీకు?" అన్నాడు నెమాని.

"మీకేం తెలుసు! ఆ అపిసాయ్ సారు దాన్ని చూస్తున్నప్పుడు మొహం ఎలా ఉంటుందో చూశారా మీరు?"

"నేనెక్కడ చూస్తాను? నువ్వు కూడా చూడలేదుగా, ఆయన వీపు కదా నీ వైపుండేది?"

చెక్కుతున్న దుంప తీసి మొగుడి మీదికి విసిరింది. అతను దాన్ని పట్టుకుని గిన్నెలో వేశాడు.

ఇక్కడ యంగోనా సంగతి చెప్పాలి. ఎండిన ఆ వేరు దంచి, నీళ్ళలో పిసికి, కాళ్ళున్న పెద్ద కొయ్యగిన్నెలో పోసి, కొబ్బరిచిప్పతో ఒక్కొక్కరికీ అందిస్తారు. గిన్నెని తానోవా అంటారు. చిప్ప అందుకునేవాడు ఒక చప్పట్టు కొట్టి అందుకోవాలి, గటగటా తాగాలి. "మదా!" అంటారు చూసేవాళ్ళు, అంటే ఖాళీ అయిందని. వెంటనే అందరూ కలిసి మూడు చప్పట్లు కొడతారు. మామూలు చప్పట్లు కావు, అరచేతులు దొప్పలు చేసి కొట్టేవి. ఢబ్ ఢబ్‌మని గది అదురుతుంది. ఈ ఆఫీసులో పెద్ద మీటింగంటే తానోవా లేకుండా జరగదు.

స్క్రీను వచ్చిన కొత్తలో దీంతో ఒక చిక్కొచ్చింది. కెలెరా మాట్లాడుతుంటే ఇక్కడ చప్పట్లు పడ్డాయి, ఆమె గొంతు ఠక్కున ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

"మీరు చప్పట్లు కొట్టినప్పుడల్లా నన్ను నీళ్ళలో ముంచుతున్నారు," అంది కెలెరా నవ్వుతూ.

కమలేష్ ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి మన చప్పట్లు మాటల్లా వినిపిస్తున్నాయి సార్. ఇక్కడెవరో గట్టిగా మాట్లాడుతున్నారనుకుని అక్కడి గొంతు నొక్కేస్తోంది. గిన్నెని దూరంగా పెడితే సరి."

అప్పట్నించి తానోవాని గుమ్మం దగ్గర, కిందిచివర పెట్టడం మొదలెట్టారు. మాటలయ్యాకే తాగడం. ఆఫీసు డ్రైవరు ఇసోవా కలిపేవాడు, అందరూ కిందికి పోయి తాగి వచ్చేవారు. చిక్కు తీరిపోయింది, అందరూ మర్చిపోయారు.

ఉలమిలా మర్చిపోలేదు.

పెద్ద మీటింగు రోజున ఇసోవాకి నడుం పట్టేసి రాలేదు. "నేను కలుపుతాలెండి," అంది ఉలమిలా.

"నువ్వా అక్కా? అది మగాళ్ళ పని కదా?" అన్నాడు కమలేష్.

"కండావు వేరు ఇది. మా ఊరిది. దీన్ని ఎలా కలపాలో నీకు తెలుసా, నాకు తెలుసా?"

అంతటితో ఊరుకోలేదు. తానోవాని గుమ్మం దగ్గర్నించి ఎత్తుకొచ్చి, బల్లకి పైచివర, నల్ల డబ్బాకి జానెడు దూరంలో పెట్టింది. ఎవరో ఇదేంటన్నారు.

"వసీతి అక్కకి ఇదే ఆఖరి మీటింగు. పెద్దమనిషిని సాగనంపే రోజు గిన్నె గుమ్మంలో పెడతామా? చెప్పుల పక్కన? మా నాన్న బతికుంటే చెవి మెలేసేవాడు. గిన్నె పెద్దలకి ఎదురుగా ఉండాలి."

దానికెవరు ఎదురు చెబుతారు? డైరెక్టరు తల ఊపాడు. వసీతికైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ఉలమిలాకి ఒక్క క్షణం సిగ్గేసింది. పైన గోడ మీద స్క్రీను వెలిగి కెలెరా నవ్వుమొహం కనబడగానే ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. ఆ పక్కన చిన్న చిన్న గళ్ళలో సవుసవు శాఖవాళ్ళు, తవెయూని శాఖ ముసలాయన, రోటుమా దీవి నుంచి ఇద్దరు.

"బులా వదినా!" అని పలకరించింది కెలెరా. "ఇవాళ గిన్నె కూడా ప్రమోషను కొట్టేసినట్టుందే, పైకెక్కింది!"

"నీకన్నా బరువుంది కదా వదినా, అందుకే," అంది ఉలమిలా. అందరూ నవ్వారు.

ముందు ఉలమిలా మాట్లాడింది. బాగానే మాట్లాడింది. శాఖలకి సరుకు ఏ పడవలో పోతుంది, ఎవరి దగ్గర ఎక్కడ ఆగుతుంది, ఏ సంఘం పెద్దకి ఏ మాట చెబితే కోపమొస్తుంది, ఇవన్నీ ఆమెకి నోటికొచ్చు. తను అనుకోకపోయినా ఈసారి అందరూ మెచ్చుకోలుగా ఊఁ అన్నారు. ఆ మాటల మీదే నిలబడి ఉంటే బాగుండేది. కానీ డైరెక్టరు కుర్చీ చప్పుడు చేస్తూ గోడ వైపు తిరిగింది.

"ఊఁ, కెలెరా, నువ్వు చెప్పమ్మా."

ఉలమిలా గిన్నెలో చిప్ప ముంచింది.

"అందరికీ బులా. నేను అనుకునేదేంటంటే..."

చిప్ప డైరెక్టరు ముందుంది. ఆయన తెల్లబోయాడు. కానీ ముందుకొచ్చిన చిప్పని వద్దనడం ఆ గడ్డ మీద పుట్టినవాడికి చేతకాదు. ఢబ్ అని ఒక చప్పట్టు కొట్టి అందుకుని తాగాడు. "మదా!" ఢబ్, ఢబ్, ఢబ్. కెలెరా పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"ఆఁ, ఏమన్నావమ్మా?"

"నేననేది, సువాలో కూర్చున్నవాళ్ళూ దీవుల్లో ఉన్నవాళ్ళూ..."

చిప్ప వసీతి ముందుకెళ్ళింది. ఢబ్. "మదా!" ఢబ్, ఢబ్, ఢబ్.

ఒకసారి చిప్ప తిరగడం మొదలైతే మధ్యలో ఆపకూడదు. ఆపితే మిగతావాళ్ళని చిన్నచూపు చూసినట్టు. పెద్దల నుంచి చిన్నలదాకా గది మొత్తం తిరగాల్సిందే. ఉలమిలాకి ఆ సంగతి బాగా తెలుసు. ఎప్పుడు ముంచాలో కూడా తెలుసు. కెలెరా ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఆగేది, నోరు తెరిచిందంటే చెయ్యి గిన్నెలోకి పోయేది. ఒక్కో చప్పట్టుకీ ఆమె కడుపులో చల్లగా ఉంది. ఎన్నాళ్ళ మంటో ఆరుతున్నట్టుంది. పైన గోడ మీద కెలెరా నవ్వు కొంచెం కొంచెంగా సన్నబడింది. తవెయూని ముసలాయన ఎందుకో తల దించుకున్నాడు. నిద్రొస్తున్నట్టుంది ముసలాడికి అనుకుంది ఉలమిలా.

కమలేష్ తన వంతు చిప్ప తాగి, చప్పట్లు కొట్టి, ఒకసారి డబ్బా వైపూ ఒకసారి ఉలమిలా వైపూ చూశాడు.

ఆఖరికి చిప్ప గుమ్మం దాకా చేరింది. అప్పటికి కెలెరా మాట్లాడటం మానేసింది.

"పర్లేదు సార్, లైను బాలేనట్టుంది. నేను ఇంకోసారి చెబుతాలెండి," అంది. ఆ ఒక్క మాటా మాత్రం గంట కొట్టినట్టు స్పష్టంగా వినబడింది.

డైరెక్టరు నుదురు రుద్దుకున్నాడు. "ఇదీ వరస. శాఖలన్నిటినీ చూడాల్సిన మనిషి మాట సువా దాకానే రాకపోతే ఎలా? ఈ సీటులో ఉండేవాళ్ళు ఇక్కడే ఉండాలి, గదిలో, నా పక్కన. ఉలమిలా, వచ్చే వారం నుంచి ఇది నీ కుర్చీ."

వసీతి లేచి ఉలమిలాని కావిలించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఈసారి మామూలువి. ఉలమిలా వంగి ఆ కుర్చీ చేతిని ఒకసారి తాకింది. చెక్క నున్నగా ఉంది, వసీతి చెయ్యి ఆని ఆని అరిగిన చోట.

మధ్యాహ్నం ఉలమిలా తానోవా కడిగి బోర్లించి వరండాలో ఆరబెడుతుంటే ఫోను మోగింది. కెలెరా.

"సంతోషం వదినా," అంది.

"వినాకా వదినా, వినాకా," అని థాంక్సు చెప్పింది ఉలమిలా. "పాపం నీ లైను చూశావా, సరిగ్గా ఇవాళే..."

"మొహం కడుక్కున్నావా?"

"ఎందుకు?"

"పొద్దున్నించీ మా గోడ నిండా నీ మొహమే వదినా. కళ్ళు మూసుకున్నా అదే కనబడుతోంది."

ఉలమిలాకి అర్థం కాలేదు. కెలెరా మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆ నల్ల డబ్బాకి చెవే కాదు, కన్ను కూడా ఉంది. చప్పుడు ఎటొస్తే కన్ను అటు తిరుగుతుంది. మాట్లాడేవాళ్ళ మొహం దగ్గరగా చూపిద్దామని దానికలా నేర్పారు. అందరూ కొట్టినా డబ్బాకి దగ్గరగా పడ్డ చప్పట్లు గిన్నె దగ్గరివి, గిన్నె వెనక ఉన్నది ఉలమిలా.

"మీ గదిలోవాళ్ళకి మేం కనబడతాం గానీ మీకు మీరు కనబడరు కదా వదినా. మాకు కనబడతారు. నేను నోరు తెరవగానే నువ్వు పైకి నా వైపు చూసేదానివి. పెదవి ఇలా ఒకవైపుకి పోయేది. తర్వాత చెయ్యి గిన్నెలోకి. ప్రతిసారీ. చప్పట్టు పడగానే నవ్వేదానివి. నీ కింది పన్ను ఒకటి పుచ్చింది, చూపించుకో."

ఉలమిలా తడి గిన్నెని వరండా గోడకి ఆనించింది. "ఎవరెవరు చూశారు?" అంది.

"సవుసవు వాళ్ళు, రోటుమా వాళ్ళు, అందరం. తవెయూని తాతయ్య చూళ్ళేక తల దించేసుకున్నాడు. ఆయన కూతురి వయసు నీది."

"సారుకి చెబుతావా?"

"ఎందుకు చెబుతాను? మా ఊరి తౌవూవి నువ్వు. నిన్ను ఏడిపించాలంటే నేనే ఏడిపిస్తాను గానీ వేరేవాళ్ళ చేత ఏడిపిస్తానా?" కెలెరా నవ్వింది. అదే ఉలమిలాకి భరించరానిదయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. ఏడ్చి ఉంటే ఓదార్చి పైచేయి అనిపించుకునేది. ఇంత జరిగాక కూడా అలా నవ్వడం దానికెలా వచ్చింది? ఆ నవ్వు మీద కూడా కుళ్ళొచ్చింది ఉలమిలాకి, ఆ క్షణంలో కూడా.

"కానీ వదినా, తౌవూ అన్నాక నాకూ ఒక హక్కుంది."

ఉలమిలాకి తెలుసు. తౌవూ ఇంటికొచ్చి పందిని తోలుకుపోతానంటే నవ్వుతూ తాడు విప్పి ఇవ్వాలి. కొత్త చాప మోసుకుపోతానంటే చుట్టి ఇవ్వాలి. కాదన్నవాళ్ళ పేరు ఊళ్ళో పిల్లలు కూడా చెప్పుకుని నవ్వుతారు. కుర్చీ అడుగుతుంది అనుకుంది.

"అడుగు," అంది.

"నీ కుర్చీ నాకొద్దు. నా ఇల్లు, నా మొగుడి చెరుకు పొలం, నా పుంజు, అన్నీ ఇక్కడే. నేను ఇవాళ చెప్పబోయింది కూడా సీటు గురించి కాదు. సువాలోవాళ్ళూ దీవుల్లోవాళ్ళూ ఒకేలా కూర్చోవాలి అని చెబుదామనుకున్నాను. ఆ మాట నన్ను చెప్పనివ్వలేదు కదా, నువ్వే చెప్పు. నీ మొదటి మీటింగులో ఆ గదిలో ఎవ్వరూ కూర్చోకూడదు. సారుతో సహా. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు, ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చోవాలి. మాలాగా. ఒక్కసారి నువ్వు గోడకి ఇవతల కూర్చో వదినా."

ఆ తర్వాత వారమంతా ఉలమిలా తప్పించుకునే దారులు వెతికింది. కంప్యూటర్లు చాలవేమో అనుకుంది, సరిపోయాయి. సారు ఒప్పుకోడేమో అనుకుంది. ఆయన అయితే ఎగిరి గంతేశాడు. "మంచి ఆలోచన ఉలమిలా! సీట్లోకి వచ్చీ రాగానే దీవులవాళ్ళ గురించి ఆలోచించావు చూడు. ఇకనుంచి ప్రతిసారీ ఇలాగే చేద్దాం."

ప్రతిసారీ!

మీటింగు రోజున పెద్దగది తలుపు వేసే ఉంది. డైరెక్టరు తన గదిలోకి పోయాడు. కమలేష్ రొట్టెల పొట్లం చంకలో పెట్టుకుని తన బల్ల దగ్గరికి పోతూ ఆగాడు.

"ఏంటక్కా, ఇంతా చేసి ఆ కుర్చీలో ఒక్కసారైనా కూర్చునే యోగం లేకపోయిందే?"

"పోరా, నీ పని చూసుకో," అంది ఉలమిలా. ఇంతా చేసి అన్న మాట ముల్లులా దిగబడింది. వీడికీ తెలుసన్నమాట.

తన బల్ల ముందు కూర్చుని మీట నొక్కింది. స్క్రీను మీద గళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. డైరెక్టరు ఒక గడి, కమలేష్ ఒక గడి, తవెయూని తాతయ్య ఒక గడి. అందరూ ఒకటే సైజు. పైచివర లేదు, కిందిచివర లేదు. కెలెరా కూడా మిగతావాళ్ళంతే ఉంది, అగ్గిపెట్టె అంత. ఉలమిలాకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంత చిన్నదాన్ని చూసా నేను ఇన్నాళ్ళూ ఉడికిపోయింది అనుకుంది.

"ముందు లంబాసా," అంది, విభాగం పెద్దగా, తన మొదటి మాటగా.

"బులా అందరికీ," అని కెలెరా మొదలుపెట్టింది. గొంతు ఎక్కడా తెగలేదు. చక్కగా చెబుతోంది. డైరెక్టరు ముందుకి వంగి వింటున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఉలమిలా ఆయన వినేటప్పటి మొహం చూసింది. అవును, తను అనుకున్నంత ముచ్చటగానూ వింటున్నాడు.

ఆయన పక్క గడిలో ఒక ఆడమనిషి ఉంది. పెదవి ఒకవైపుకి పోయి ఉంది. కళ్ళు సన్నగా చేసి కెలెరాని చూస్తోంది, తన పళ్ళెంలోంచి ఎవరో ముక్క ఎత్తుకుపోతుంటే చూసినట్టు. ఎవరీవిడ, ఇంత పాడుమొహం పెట్టుకుని కూర్చుంది అనుకుంది ఉలమిలా. ఆవిడ కూడా అదే అనుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

ఉలమిలా పెదవి సరిచేసుకుంది. ఆ గడిలో కూడా పెదవి సరయింది. కెలెరా ఏదో అంది, డైరెక్టరు పకపకా నవ్వాడు, పెదవి మళ్ళీ అటే పోయింది. చేత్తో మూసుకుందామనుకుంది. మూసుకుంటే అందరికీ తెలిసిపోతుంది. కెమెరా ఆపేద్దామని వేలు మీట దాకా పోయింది. ఆపినా తెలిసిపోతుంది.

తవెయూని తాతయ్య తన గడిలో మెల్లగా తల దించుకున్నాడు. ఉలమిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మొహాన్ని అలాగే అందరికీ చూపిస్తూ, కెలెరా చెప్పేదంతా చివరిదాకా విన్నది.